స్వీడన్ రచయిత్రి కోసం రియాద్ వెళ్లి, హాలు బయట నిలబడ్డ శుక్రవారం

సౌదీ తూర్పు తీరంలోని మా రాస్ తనూరా నుంచి రియాద్‌కు ఒక్క సెలవురోజులో పోయి రావడం కుదురుతుందా అని మన చదువరుల గుంపులో కొందరు అడిగారు. కుదురుతుంది. నేను పోయి వచ్చాను. దారి, రైలు, ఖర్చు అన్నీ చెబుతాను. కానీ అక్కడ నేను చేసిన పని దాచిపెట్టి దారి ఒక్కటే చెబితే, నా ముఖం నేనే చూసుకోలేను. అందుకని రెండూ రాస్తున్నాను. తిట్టాలనుకున్నవాళ్లు చివరిదాకా చదివి తిట్టండి.

ఈ ప్రయాణానికి కారణం కరుణ సిస్టర్. ఆమెది పాలకొల్లు పక్క ఊరు, రియాద్‌లో ఒక ఆసుపత్రిలో నర్సు. గల్ఫ్‌లో ఉన్న తెలుగువాళ్ల వాట్సాప్ గుంపులో పుస్తకాల మీద నేను పోట్లాడుతుంటే ఆమె "సరే బ్రదర్, మీ ఇష్టం" అని తప్పుకునేది. చర్చికి వెళ్లే మనిషి కాబట్టి ఆమె నోట్లో ప్రతి మగవాడూ బ్రదరే, చిన్నాపెద్దా తేడా లేకుండా అందరినీ మీరు అనే అంటుంది. మూడేళ్లుగా ఆమె ఒక నేర పరిశోధన నవలను ఇంగ్లీషు నుంచి తెలుగు చేస్తోంది. రాసినావిడ స్వీడన్ దేశపు రచయిత్రి, పుస్తకాలు లక్షల్లో అమ్ముడుపోతాయి. ఆమె పేరు ఇక్కడ రాయను, ఆ పేరు పక్కన నిలబడే ముఖం నాకు లేదు. ఉద్యోగం వదిలి ఎగ్జిట్ వీసా మీద ఇంటికి వెళ్లిపోయిన ఒక ఫిలిప్పీన్స్ నర్సు హాస్టలు గదిలో వదిలేసిన సామానులో ఆ పుస్తకం కరుణ సిస్టర్‌కు దొరికింది. తెలుగు చేయడానికి అనుమతి కావాలని ప్రచురణ సంస్థకు మెయిలు మీద మెయిలు పెట్టింది. ఒక్కదానికీ జవాబు లేదు. అనుమతి లేకుండా ఒక్క పేజీ కూడా ఎవరికీ చూపించనని ఆమె పట్టు.

అలాంటిది ఆ రచయిత్రే రియాద్ వస్తోందని, ఓలయా వైపు ఒక పెద్ద పుస్తకాల దుకాణం పై అంతస్తులో శుక్రవారం సాయంత్రం మాట్లాడుతుందని తెలిసింది. కరుణ సిస్టర్ నాకు ఫోన్ చేసింది. "రెండు నిమిషాలు దొరికితే చాలు బ్రదర్. అనుమతి అడుగుతాను, ఒక సందేహం ఉంది, అదీ అడుగుతాను. నలుగురిలో నాకు నోరు పెగలదు. పక్కన ఒక తెలుగు మనిషి ఉంటే ధైర్యం. వస్తారా?"

"ఒస్తా అక్కా" అన్నాను. ఆమెకు చెప్పని సంగతి ఏమిటంటే, నేను వెళ్లేది ఆమె కోసం కాదు. నేను నిర్మల్ వైపు వాణ్ని. డిగ్రీ సగంలో వదిలేసి వచ్చి ఇక్కడ రిఫైనరీ కాంట్రాక్టరు దగ్గర స్కాఫోల్డింగ్, అంటే పరంజాలు కడుతున్నాను. నా చదువంతా కరపత్రాలు, బస్టాండు దుకాణాల్లో దొరికే చిన్న చిన్న పుస్తకాలు, ఫోన్లో దాచుకున్న పీడీఎఫ్‌లు. వాటిని నేను గుండె మీద పెట్టుకుని చదివాను, ఈరోజుకీ వాటిని తక్కువ చేసి మాట్లాడను. హత్యను వినోదం చేసి అమ్ముకునే రచన అంటే నాకు ఒళ్లు మంట. చచ్చినవాడి బతుకు ఎవరికీ అక్కర్లేదు, చంపినవాడెవడన్నదే ఆట, చివరి పేజీలో పోలీసు గెలుస్తాడు, లోకం ఎలా ఉన్నది అలాగే ఉంటుంది. ఆ మాట ఆ రచయిత్రి ముఖం మీదే అడగాలనుకున్నాను. ఆమె పుస్తకం మాత్రం ఒక్కటీ చదవలేదు.

రాస్ తనూరా నుంచి దమ్మామ్ రైల్వేస్టేషనుకు గంట దారి. మా క్యాంపు దగ్గర తెల్లవారుజామున నలుగురిని ఎక్కించుకుని వెళ్లే కార్లు ఉంటాయి, మనిషికి ముప్పై రియాళ్లు తీసుకుంటారు, శుక్రవారం ఇంకో ఐదు ఎక్కువ అడుగుతారు. నాకు దొరికిన డ్రైవరు పెషావరు వైపు పెద్దమనిషి. తక్కిన ముగ్గురూ కునికిపాట్లు పడుతుంటే అద్దంలోంచి నన్ను చూసి, "ఎంబసీ కా కామ్ హై?" అన్నాడు.

"నహీ చాచా. ఏక్ రైటర్ ఆ రహీ హై."

"షాయరా హై?" కవయిత్రా అని.

"నహీ. ఖతల్ కీ కహానియా లిఖ్తీ హై."

ఆయన కాసేపు ఆలోచించాడు. హత్యల కథలు వినడానికి రియాద్ దాకా ఎందుకు, మా ఊరు వస్తే ఊరికే చెబుతాం, చాయ్ కూడా పోస్తాం అని ఉర్దూలో అని, తన జోకుకు తనే స్టీరింగు మీద చెయ్యి కొట్టుకుని నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. అప్పటికే నా బుర్రలో సభ నడుస్తోంది.

రైలు హాయిగా ఉంటుంది. అబ్కైక్, హుఫూఫ్ మీదుగా నాలుగు గంటల పైచిలుకు పడుతుంది. టికెట్టు ధర రోజును బట్టి మారుతుంది కాబట్టి వారం ముందే ఫోన్లో కొనుక్కోండి, ఇకామా, అదే నివాస కార్డు, నంబరు దగ్గర పెట్టుకోండి. ఎడమ పక్క కిటికీ దొరికితే హుఫూఫ్ దగ్గర ఖర్జూరపు తోటలు చాలాసేపు కనిపిస్తాయట. అట అని ఎందుకంటున్నానంటే, నేను చూడలేదు. నా ప్రసంగాన్ని ఇంగ్లీషులో ఫోన్లో రాసుకుంటూ, కొట్టేస్తూ, పెదాలు కదుపుతూ కూర్చున్నాను. ఎదురు సీటులో ఒక తల్లి తన పిల్లవాణ్ని మెల్లగా అవతలి పక్కకు జరుపుకుంది.

రియాద్ స్టేషను నుంచి మనవాళ్లంతా చేరే బజారు బతాకు టాక్సీలో ఇరవై, పాతిక రియాళ్లు. జుమ్మా నమాజు వేళకు దుకాణాలన్నీ మూసి ఉంటాయి, ఆ తర్వాత మాత్రం బతాలో కాలు పెట్టే చోటుండదు. మెయిన్ రోడ్డు వెనక సందులో మన ఆర్మూరు లింగన్న మెస్సు ఉంది. పప్పు, కోడికూర, పెరుగుతో అన్నం పన్నెండు రియాళ్లు, అన్నం ఎంత అడిగితే అంత. లింగన్న గంటె పట్టుకునే పలకరించాడు.

"ఏం తమ్మీ, గంత దూరంకెల్లి ఒచ్చినవ్. పాస్‌పోర్ట్ పనా?"

"కాదన్నా. స్వీడన్ కెల్లి ఒక రైటర్ ఒచ్చింది. ఆమెను నిలదీయాలె."

"ఆమె నిన్నేమన్నదే?"

"నన్నేమనలే. లోకాన్ని మోసం చేస్తున్నది."

"అట్లనా. మరి లోకం నిన్ను పంపిందా?" అని పప్పు వడ్డించాడు. "ముందుగాల తిను. ఈ పప్పు సల్లారిందనుకో, నేనే నిన్ను నిలదీస్త."

పక్క బల్ల మీద వాళ్లంతా నవ్వారు. సగం అన్నం కంచంలోనే వదిలేశాను. కోపంతో చేయి కడుక్కుని లేచాను.

కరుణ సిస్టర్ బతా మెట్రో స్టేషను మెట్ల దగ్గర ఉంది. నలభై దాటి ఉంటాయి, నల్ల అబాయా, భుజాన బరువైన సంచీ. శుక్రవారాలు ఆసుపత్రి బస్సు నర్సులను బజారుకు తెచ్చి సాయంత్రం ఏడున్నరకు మళ్లీ ఎక్కించుకుపోతుంది. ఆ రోజు డ్యూటీని ఒక మలయాళీ సిస్టర్‌కు అప్పజెప్పి వచ్చింది. సంచీలోంచి ప్లాస్టిక్ కవరు చుట్టిన నవలను తీసి చూపించింది. అంచులు అరిగిపోయాయి. "దీని మీద సంతకం పెట్టించుకుంటాను బ్రదర్. మీరు ఫోటో తీయాలి, నా కళ్లు మూసుకోకుండా చూడండి" అంది. అంత సంతోషంగా ఉన్న మనిషిని నేను ఈ దేశంలో ఎక్కువ మందిని చూడలేదు.

మెట్రోకు నాలుగు రియాళ్లు. ఆడవాళ్లకూ కుటుంబాలకూ ఫ్యామిలీ పెట్టె వేరు, సింగిల్స్ పెట్టె వేరు. ఒంటరి మగవాళ్లు ఫ్యామిలీ వైపు ఎక్కితే దించేస్తారు. ఆమె అటు ఎక్కింది, నేను ఇటు ఎక్కాను. బండి కదలగానే పక్క పెట్టెలోంచే నాకు ఫోన్ చేసి ఆ రచయిత్రి కథంతా చెప్పడం మొదలుపెట్టింది. చిన్న పట్నంలో కోర్టు వార్తలు రాసే విలేకరిగా పనిచేసిందని, మొదటి నవలను ప్రచురణకర్తలంతా తిప్పి పంపారని, సొంతంగా అచ్చు వేయించి కారు డిక్కీలో వేసుకుని ఊరూరా గ్రంథాలయాలకు తిరిగి అమ్ముకుందని. నాలుగో నవల వచ్చేదాకా ఉద్యోగం మానలేదట. ఐదోది టీవీలో వచ్చాక దేశదేశాలకూ పాకిందట. "వింటున్నారా బ్రదర్?" అంది మధ్యలో. "ఆఁ ఆఁ" అన్నాను. ఒక చెవితో ఆమె మాట, ఇంకో పక్క నా ప్రసంగం.

హాలులో రెండు వందల కుర్చీలుంటాయేమో, నిండిపోయాయి. కుర్రవాళ్లు, అబాయాల్లో కాలేజీ అమ్మాయిలు, కొందరు తెల్లవాళ్లు. మేం మధ్య వరుసలో కూర్చున్నాం. రచయిత్రి పొట్టి మనిషి, తెల్ల జుట్టు, ఏసీకి చలేసి శాలువా కప్పుకుంది. సభ నడిపే సౌదీ అమ్మాయి ప్రశ్నలడుగుతుంటే మెల్లగా ఇంగ్లీషులో చెప్పుకుంటూ పోయింది. మధ్యలో కొన్నేళ్లు రాయడం ఎందుకు మానేశారని అడిగారు. పేరు బాగా మోగుతున్న రోజుల్లో, సంతకాల వరుసలో ఒక ముసలావిడ వచ్చి, హత్యకు గురైన తన కూతురు ఆ పుస్తకంలో ఏ పేజీలో ఉందని అడిగిందట. కోర్టు విలేకరిగా తను రాసిన కేసే అది, పేరు మార్చి నవలలో వాడుకుంది. ఆ తర్వాత చాలాకాలం కలం పట్టలేదని, మళ్లీ రాసినప్పటినుంచీ ముందు చనిపోయిన మనిషి బతుకంతా రాసుకుని, నేరం సంగతి చివర రాస్తానని చెప్పింది. ఇదంతా నాకు కరుణ సిస్టర్ తర్వాత చెప్పింది. రచయిత్రి మాట్లాడుతున్నంతసేపూ నేను అక్కడే కూర్చుని ఫోన్లో నా నాలుగో పాయింటు దిద్దుకుంటున్నాను.

మూడే ప్రశ్నలకు సమయం ఉందన్నారు. రెండయ్యాయి. మూడోదానికి కరుణ సిస్టర్ చెయ్యి ఎత్తింది. సభ నడిపే అమ్మాయి ఆమెనే చూపించింది, మైకు వరుస దాటుకుంటూ వచ్చి ఆమె చేతికి అందింది. ఆమె లేచి నిలబడింది. ఒక చేత్తో మైకు, ఇంకో చేత్తో తను రాసుకున్న కాగితం కోసం సంచీలో వెతుక్కుంటోంది. దొరకలేదు. "ఒక్క నిమిషం" అని గొణిగింది.

నేను లేచి ఆమె చేతిలోంచి మైకు తీసుకున్నాను.

ఇంకెలా రాసినా అది అదే. లాక్కోలేదు, తోసేయలేదు. నేను తనకు సాయం చేస్తున్నాననుకుని ఆమె ఇచ్చేసింది కూడా. నావైపు చూసి చిన్నగా నవ్వింది. నేను స్టేజీ వైపు తిరిగి, "మేడమ్, యూ ఆర్ సెల్లింగ్ డెడ్ బాడీస్" అని మొదలుపెట్టాను. మీ హత్యల్లో చచ్చేవాడెవడు, వాడి కూలి ఎంత, వాడిని చంపిన లోకాన్ని వదిలేసి ఒక్క హంతకుణ్ని పట్టుకుంటే న్యాయం జరిగినట్టేనా అని నాకొచ్చిన ఇంగ్లీషులో దంచేశాను. రచయిత్రి చివరిదాకా వింది. ఆమెకు కోపం రాలేదు. ముందుకు వంగి, నిజంగానే తెలుసుకోవాలన్నట్టు, "నా పుస్తకాల్లో ఏది చదివి మీకు ఇలా అనిపించింది?" అని అడిగింది.

"ఐ నీడ్ నాట్ రీడ్. ఐ నో" అన్నాను.

హాలు నవ్వింది. పెద్ద నవ్వేమీ కాదు. కానీ నా రక్తం తలకెక్కింది. "నవ్వుడెందుకు? ఉన్న ముచ్చట అడిగితే నవ్వుతరా?" అని తెలుగులోకి దిగిపోయి అరిచాను. ఆ హాలులో అది అర్థమైంది ఒక్క మనిషికే. ఆమె నా మోచేయి పట్టుకుని "బ్రదర్, కూర్చోండి. బ్రదర్, ప్లీజ్. బ్రదర్!" అంటోంది.

గుమ్మం దగ్గరి సెక్యూరిటీ మనిషి వచ్చాడు. మర్యాదగానే వచ్చాడు. నా వైపు చూడలేదు, ఆమెను అడిగాడు. "యువర్ బ్రదర్?"

మన ఊళ్లలో బస్సు కండక్టరు కూడా బ్రదరే. ఆయనకేం తెలుసు? మూడుసార్లు బ్రదర్ అని పిలవడం విన్నాడు, తోబుట్టువు అనుకున్నాడు. తోబుట్టువు గొడవ చేస్తే ఇంటి మనిషే తీసుకుపోవాలి కదా. కాదు, తెలిసినవాడు మాత్రమే అని ఆమె ఒక్క మాట అంటే నన్నొక్కణ్నే బయటికి పంపేవాడు. మైకు మళ్లీ ఆమె చేతికి వచ్చేది. ఆమె స్టేజీ వైపు ఒకసారి చూసింది. తర్వాత నా వైపు చూసింది.

"యెస్. మై బ్రదర్" అంది.

"ఖలాస్ సిస్టర్. టేక్ హిమ్ హోమ్."

నా సిగ్గు అసలు ఇక్కడుంది. అరిచినందుకు కాదు. అప్పుడు నేను నోరు తెరిచి, ఈమె నాకేమీ కాదు, ఈమెను ఉండనివ్వండి అనాలి. ఇంతసేపూ లోకం తరఫున మాట్లాడినవాణ్ని, ఆ ఒక్క వాక్యం అనలేకపోయాను. ఒంటరిగా నడవాల్సి వస్తుందని భయమేసింది. ఆమె అబాయా వెనక నక్కినట్టుగా నడిచి బయటపడ్డాను. మా వెనక హాలు గాజు తలుపు మూసుకుంది. లోపల చప్పట్లు వినిపించాయి, సభ అయిపోయింది.

మెట్లు దిగి పేవ్‌మెంటు మీదికి వచ్చాం. నేనే అన్నాను. "అక్కా, నేను లోపటికి పోయి చెప్త. నువ్వు నా అక్కవు కాదని చెప్త."

"చెప్పి? ఇకామా చూపించమంటారు. రాస్ తనూరా కంపెనీ వాడివి ఇక్కడికొచ్చి గొడవేంటంటారు. నీ కంపెనీకి ఫోన్ చేస్తే?" ఆమె గొంతు పెంచలేదు. "అందుకే అవునన్నాను. నీ ఉపన్యాసం నచ్చి కాదు."

అంతవరకూ నన్ను మీరు అనే మనిషి. నువ్వు అని వినగానే, కొట్టినా అంత తగిలేది కాదు. అయినా నేను మళ్లీ పైకి, హాలు తలుపు దగ్గరికి వెళ్లాను. సెక్యూరిటీ మనిషి లోపలినుంచే తల అడ్డంగా ఊపాడు. వెనక్కి వచ్చి, సందేహమన్నావు కదా, అదేమిటని అడిగాను.

"ఏముంది. అందులో ఒక కానిస్టేబులమ్మాయి ఉంటుంది. పై అధికారితో మాట్లాడుతుంది. ఇంగ్లీషులో యూ. తెలుగులో ఏం రాయను, నువ్వా, మీరా? మీరు అంటే మా పాలకొల్లు పోలీసు స్టేషనైపోద్ది. నువ్వు అంటే పొగరుబోతు అనుకుంటారు. అక్కడ వాళ్లు ఒకళ్లనొకళ్లు ఎలా పిలుచుకుంటారో ఆవిడకే తెలుసు. పుస్తకమంతా ఆ మాట దగ్గర ఖాళీలు వదిలేశాను."

"మా దిక్కు అందర్ని నువ్వే అంటం అక్కా."

"తెలుసులే. గ్రూపులో మొదటిరోజే నన్ను నువ్వన్నావు. వారం రోజులు నీ మీద కోపంగా ఉన్నాను" అని నవ్వబోయింది. నవ్వు మధ్యలోనే ఆగిపోయింది. అబాయా అంచుతో కళ్లు తుడుచుకుంది. దుకాణం ముందు నుంచి ఒక నల్ల కారు మెల్లగా వెళ్లింది. వెనక సీటులో తెల్ల జుట్టు కనిపించింది. ఇద్దరం దాన్ని మలుపు దాకా చూశాం.

తిరిగి వచ్చేటప్పుడు ఆమె నన్ను ఫ్యామిలీ పెట్టెలోకే ఎక్కమంది. ఎక్కాను, తలెత్తకుండా కూర్చున్నాను. బతాలో ఆసుపత్రి బస్సు అప్పటికే వచ్చి ఉంది. మెట్టు మీద కాలు పెట్టి, ఏదో గుర్తొచ్చినట్టు సంచీలోంచి ఆ ప్లాస్టిక్ కవరు తీసి నా చేతిలో పెట్టింది. "సంతకం లేదు కాబట్టి నాకు పనిలేదు. నువ్వు చదువు. చదివి తిట్టు." కిటికీల్లోంచి తోటి నర్సులు ఏమైంది, సంతకం చూపించు అని అడుగుతున్నారు. ఆమె ఏం చెప్పిందో తలుపు మూసుకోవడంతో వినబడలేదు. సాయంత్రం రైలు అందలేదు, దమ్మామ్‌కు బస్సులో వచ్చాను. బతా నుంచి బస్సులు చాలా ఉన్నాయి, ఐదు గంటలు పడుతుంది.

ఆ నవల చదవడానికి నాకు మూడు వారాలు పట్టింది, ఫోన్లో నిఘంటువు పక్కన పెట్టుకుని. అడవి పండ్లు ఏరడానికి వేరే దేశం నుంచి వచ్చిన కూలీ ఒకడు చనిపోతాడు. వాణ్ని తెచ్చిన కాంట్రాక్టరు అందరి పాస్‌పోర్టులు తన డబ్బాలో పెట్టుకుంటాడు. సగం పుస్తకం ఆ కూలీ బతుకే. ఇది తెలిశాక రెండు రోజులు నేను గుంపులో ఎవరికీ జవాబు ఇవ్వలేదు. అలాగని పుస్తకమంతా నాకు నచ్చిందని అబద్ధం చెప్పను. చివర్లో కాంట్రాక్టరు తేలిగ్గా దొరికిపోయాడు, లోకంలో అలా దొరకరు. అది రచయిత్రినే అడగాలనుంది, కోపం లేకుండా. ఇప్పుడు నా దగ్గర నిజమైన ప్రశ్న ఉంది, అడగడానికి మనిషి లేదు. కరుణ సిస్టర్ దగ్గర మూడేళ్ల నుంచీ ఉంది, మనిషి పాతిక అడుగుల దూరంలో ఉన్నప్పుడు నేను అడ్డం నిలబడ్డాను. ఆమె మళ్లీ మెయిలు పెట్టింది. ఇది రాసే రోజుకు జవాబు రాలేదు. నేను రోజూ అడుగుతున్నాను, ఆమె "లేదు" అని ఒక్క మాట పంపుతోంది. దాని చివర బ్రదర్ అని ఉండటం లేదు, మరే పిలుపూ లేదు.

ఇలాంటి సభలకు వెళ్లేవాళ్లకు పనికొచ్చే ఒక మాట. మమ్మల్ని బయటికి పంపుతున్నప్పుడు తలుపు పక్కన బోర్డు చూశాను. సంతకాల వరుస సభకు ముందు కింది అంతస్తులో ఉంటుందని, ఒక్కొక్కరితో రచయిత్రి విడిగా మాట్లాడుతుందని అరబ్బీలోనూ ఇంగ్లీషులోనూ రాసి ఉంది. మేం సభకు గంట ముందే వచ్చి, వీధి అవతల కాఫీ తాగుతూ కూర్చున్నాం. వెళ్లగానే ముందు బోర్డు చదవండి. అడగాల్సింది ఉన్న మనిషిని తీసుకుని ఆ వరుస దాకా వెళ్లండి. ఆమె లోపలికి వెళ్తుంటే మీరు బయటే ఆగండి.